గురజాడకి దండ వేశాం, లెక్క వదిలేశాం

2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి గురజాడని తలుచుకున్నారు. దేశమంటే మట్టి కాదు, మనుషులన్న మాట పార్లమెంటులో వినబడితే విజయనగరం వాళ్లం పొంగిపోయాం. పొంగిపోవడంలో తప్పేం లేదు. కాకపోతే ఆ గీతం ఇప్పుడు ఎవరికీ అడ్డురాని మాటైపోయింది. బడి గోడకీ సరిపోతుంది, ఎన్నికల ఫ్లెక్సీకీ సరిపోతుంది. రేపు ఎవరైనా వెంచర్ వేసి ప్లాట్ల బోర్డు మీద రాయించుకున్నా మనం కిమ్మనం.

పాత రచయితలు ఈ కాలానికి ఏం పనికొస్తారని అడిగితే చాలామంది సూక్తులు ఏరి చూపిస్తారు. నా మట్టుకు నాకు ఆ ఏరుడు మీద నమ్మకం లేదు. సూక్తి ఎవరి నిద్రా చెడగొట్టదు. మన విజయనగరం, శ్రీకాకుళం రచయితల సత్తా వేరేచోట ఉంది. డబ్బు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో వాళ్లు పట్టు వదలకుండా రాశారు.

గురజాడ నాటకం 'కన్యాశుల్కం' తెర లేచేది విజయనగరం బొంకులదిబ్బ దగ్గర. గిరీశం నోటి వెంట ముందు వచ్చేది ఆదర్శం కాదు, బాకీ. పూటకూళ్లమ్మకి సంతలో సామాను కొనిపెడతానని పట్టుకెళ్లిన ఇరవై రూపాయలు ఎలా తగలేశాడో తనే చెప్పుకుంటాడు. ఆ తర్వాత సంఘ సంస్కరణ మీద ఎన్ని లెక్చర్లు దంచినా, వింటున్నవాడి బుర్రలో ఆ ఇరవై కదులుతూనే ఉంటుంది.

1897లో వచ్చిన మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట ఇంకా కరుకు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో (విజయనగరం అప్పుడు అందులోదే) బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్లకి, అంటే ఆడపిల్ల తరఫువాళ్లు డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లకి, జాబితా తీయించారు. 1,034 తేలాయి. ఐదేళ్లకే పెళ్లయిన పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు, వాళ్ల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. దురాచారం, దురాచారం అని గొంతు చించుకునే ఉపన్యాసం ఈ అంకెల పక్కన తేలిపోతుంది.

అయితే ఆ జాబితా బ్రాహ్మణ కుటుంబాల దగ్గరే ఆగింది. పొలంలో పనిచేసే ఇళ్లు అందులో లేవు. ఆ పద్దు చాలా ఏళ్ల తర్వాత కాళీపట్నం రామారావు, మన కారా మాస్టారు, 'యజ్ఞం' కథలో తెరిచారు. ఊరికి రోడ్డొచ్చింది, బడొచ్చింది. ప్రెసిడెంటు శ్రీరాములునాయుడు చెడ్డవాడూ కాదు. అప్పల్రాముడి బాకీ మాత్రం తెమలదు. పంచాయతీ సాగేకొద్దీ ఒకటి అర్థమవుతుంది. కాగితం ప్రకారం అప్పు నిజం, పెద్దలు చెప్పే తీర్పూ సబబుగానే ఉంది, అయినా ఒక కుటుంబం మునిగిపోతోంది. చివరికి కొడుకు సీతారాముడు, ఆ బాకీకి తన బిడ్డ కూడా కట్టుబడి బతకకూడదని వాడి ప్రాణం తీసేస్తాడు.

శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకి వెళ్లే మత్స్యకారుల మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ పంచాయతీ గుర్తొస్తుంది. 2018 చివర్లో వాళ్లలో కొందరు పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. సరిహద్దు గురించి బోలెడు మాట్లాడుకున్నాం. ఇక్కడ హార్బర్ లేకనే అన్నారు, అదీ నిజమే. ఆ ఇళ్లలో అప్పుల పద్దు మాత్రం అంతగా చర్చకి రాలేదు.

చదువు దగ్గరికి వస్తే గురజాడ మరీ దగ్గరివాడు. 'కన్యాశుల్కం'లో కొడుకు వెంకటేశాన్నీ, వాడికి చదువు చెప్పే గిరీశాన్నీ ఇంగ్లీషులో మాట్లాడుకోండని వెంకమ్మ ముచ్చటపడితే గిరీశం 'ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్' అందుకుంటాడు. వెంకటేశం దానికి సంబంధం లేని ముక్క ఒకటి కలుపుతాడు. తల్లి మురిసిపోతుంది, హాల్లో మనం పగలబడి నవ్వుతాం. ఇంటికొచ్చిన చుట్టాల ముందు యూకేజీ పిల్లని నిలబెట్టి, 'అంకుల్‌కి రైమ్ చెప్పమ్మా' అనేది మనమే. వెంకమ్మ తెలివితక్కువది కాదు. కొడుక్కి చదువొస్తోందో లేదో తేల్చుకునే దారి ఆమెకి లేదు, ఆ సందులోంచే గిరీశం ఇంట్లోకి దూరాడు. ఆరో తరగతికే 'ఐఐటీ ఫౌండేషన్' అని రంగుల కాగితం చేతిలో పెడితే సంతకం చేసే తండ్రికి మాత్రం ఏ దారి ఉంది? ఆ సంతకం కూడా పెట్టలేనివాడిని చాసో (చాగంటి సోమయాజులు) 'ఎందుకు పారేస్తాను నాన్నా' కథలో చూపించారు. చదువు ఆగిపోయిన కుర్రాణ్ణి తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు, దారిలో బడి ఉంటుంది.

ఇక పెళ్లి. శుల్కం పోయి కట్నం వచ్చింది, 1961 చట్టం దాన్నీ నేరమంది. ఇప్పుడు సంబంధం మాట్లాడేటప్పుడు కట్నం అనే మాటే ఎత్తరు. 'మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం' అంటారు. కాఫీలయ్యాక బంగారం ఎన్ని తులాలు, ఆడపడుచు లాంఛనం ఎంత, బండా కారా అన్నది తేలుతుంది. మధ్యవర్తి ఫోన్లో కాలిక్యులేటర్ తీసి కూడిక వేసి చూపిస్తాడు.

ఏటా సెప్టెంబరు 21న గురజాడ జయంతి చేస్తున్నాం. ఈసారి దండతోపాటు రెండు జిల్లాల్లోనూ మూడేళ్ల పెళ్లిళ్లకి కట్నాల జాబితా తీయించమనండి. కంప్యూటర్లు లేని రోజుల్లో ఒక సంస్థానం చేయించగలిగిన పనే. నిజం ఎవరు చెబుతారండీ అంటారా? తన ముందున్న జాబితా పూర్తిదీ కాదు, కచ్చితమైనదీ కాదని గురజాడే రాశారు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడం అప్పుడు మాత్రం ఎవరికిష్టం? అయినా 1,034 తేలాయి.