నెలకు ఆరు వేలు తినే మా అర గదికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ అర గది గారి దివ్యసముఖమునకు నమస్కరించి రాయునది ఏమనగా,

ఇచ్చట మేమందరం క్షేమం. అచ్చట, అంటే హాలు దాటి ఎడమ పక్కకు నాలుగడుగులు వేస్తే వచ్చే మీ సన్నిధిలో, ఉతికిన బట్టల మూట, మా ఆయన పాత మానిటర్లు, వ్యాయామం సైకిలు, బియ్యం బస్తా, అందరూ క్షేమమని తలుస్తాను. నేను డైనింగ్ టేబుల్ మీద, పాప సగం తిని వదిలేసిన పెసరట్టు ప్లేటు పక్కకు జరిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ దగ్గర కూర్చుని రాద్దామంటే కుర్చీ మీద దుప్పట్లున్నాయి.

మర్యాదలు ఇంతటితో చాలు. నీ అద్దె కట్టేది నేను, ఇక నువ్వు అనే అంటాను.

బెంగళూరులో కుందలహళ్లి చుట్టుపక్కల ఇళ్ళు చూసి చూసి కాళ్ళు పీక్కుపోతున్న రోజున నిన్ను చూపించారు. బ్రోకర్ మన కడపవాడే. "అక్కా, ఇది స్టడీ అనుకో, పూజ గది అనుకో, పాప ఆడుకునే జాగా అనుకో, నీ ఇష్టం" అన్నాడు. అదే బిల్డింగ్‌లో రెండు బెడ్రూముల ఇంటికంటే రెండున్నర బెడ్రూముల ఇల్లు నెలకు 6 వేలు ఎక్కువ, అంటే ఏడాదికి 72 వేలు, కేవలం అనుకోవడానికి. బెంగళూరు ఆచారం ప్రకారం పది నెలల అడ్వాన్సు కాబట్టి నీ వాటా కింద ఇంకో 60 వేలు ఓనర్ దగ్గర హాయిగా నిద్రపోతున్నాయి. ఇంతా చేస్తే నీకు గోడలు మూడే. నాలుగో వైపు తలుపు లేదు, తలుపు పెట్టే చోటూ లేదు. కిటికీ ఉంది కానీ అది డక్ట్‌లోకి తెరుచుకుంటుంది, దాంట్లోంచి కనబడే ప్రకృతి దృశ్యం మూడో ఫ్లోర్ వాళ్ళ గీజర్ పైపు. అయినా ఆ రోజు నేను 'ఇదే' అన్నాను. శ్రీకాళహస్తిలో అమ్మమ్మ ఇంట్లో సెలవులకు ఉన్నప్పుడు అగ్రహారంలో కలంకారీ వేసేవాళ్ళ అరుగుల మీద గంటలకొద్దీ కూర్చున్న పిల్లని నేను. వెదురు పుల్లకు చుట్టిన నూలు ఉండను రెండు వేళ్ళతో నొక్కుతూ గీత లాగడం చేతికి కొంచెం వచ్చింది కూడా. ఉద్యోగం, పెళ్ళి, పాప అయ్యాక ఆ చెయ్యి కీబోర్డుకు అంకితమైపోయింది, అది వేరే సంగతి. నిన్ను చూడగానే ఇక్కడ బట్ట పరిచి కూర్చుంటానని అనిపించింది.

ఒకసారి ఒళ్ళుమండి నీ జాతకం కూడా తీశాను. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం మనుషులు కాపురముండే గది కనీసం 9.5 చదరపు మీటర్లు ఉండాలి, ఇంట్లో రెండో గదైతే 7.5కి తగ్గొచ్చు, వెడల్పు మాత్రం 2.1 మీటర్లు ఉండి తీరాలి. టేపు తెచ్చి కొలిచాను. అందులో నువ్వు ఫెయిల్. స్టోర్ రూముకు 3 చదరపు మీటర్లు చాలట, అందులో మాత్రం డిస్టింక్షన్.

ఇంట్లో దిగిన కొత్తలోనే 2020 మార్చి వచ్చింది. లాక్‌డౌన్ అనగానే మా ఆయన రెండు మానిటర్లు, హెడ్‌ఫోన్లు పట్టుకుని నీలోకి దూరారు. నేనూ ఇంటి నుంచే పని చేశాను, మంచం మీద, దిండు మీద లాప్‌టాప్ పెట్టుకుని. ఆయనకు కాల్స్ ఎక్కువ కదా! ఆఫీసులు తెరిచారు, ఆయన వెళ్ళారు, మానిటర్లు ఉండిపోయాయి. తర్వాత ఒక జనవరిలో ఆయన తీర్మానం సైకిలు రూపంలో వచ్చింది. సంక్రాంతి వరకు తొక్కారు. ఇప్పుడు దాని మీద తువ్వాళ్ళు ఆరతాయి. బొమ్మల కొలువు మెట్లు, టీవీ అట్టపెట్టె (ఇల్లు మారేటప్పుడు పనికొస్తుందట, మిక్సీదీ ఉంది), పాప చిన్నప్పటి వాకర్ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 2022 జూలైలో 25 కేజీల దాకా ఉన్న ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ వేశాక కొట్లలో 26 కేజీల బస్తాలు మొదలయ్యాయి కదా, ఆ పెరిగిన కేజీ కూడా నీ నెత్తినే పడింది.

ఇక డిసెంబర్ ఆఖరి వారం వస్తే నీ మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. ఫోన్ కూడా వాసన పట్టేస్తుంది. తెల్లారి ఐదింటికి లేచి, నిమ్మకాయ నీళ్ళు తాగి, డైరీలో కృతజ్ఞతలు రాసుకుని, ఆరింటికల్లా తమ 'క్రియేటివ్ కార్నర్'లో కూర్చునే అమ్మాయిలు వరసగా ప్రత్యక్షమవుతారు. వాళ్ళ వెనక తెల్లగోడ మీద ఒక్క మేకు గుర్తు ఉండదు, బల్ల మీద రెండు కొవ్వొత్తులు, ఎండిపోయిన గడ్డి పెట్టిన ఒక కూజా. బియ్యం ఎక్కడ పెట్టుకుంటారో ఒక్క వీడియోలోనూ చూపించరు. అది చూసి నేనూ చిన్న లైట్ల దండ తెప్పించాను. మేకు కొడితే అడ్వాన్సులో కోత అని ఓనర్ ముందే చెప్పాడు కాబట్టి టేపుతో అంటించాను, రాత్రికి ఊడి బస్తా మీద పడింది. రెండు రోజులు బియ్యం బస్తా భలే మెరిసింది. గోడల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం ఈ ఊళ్ళో మామూలే. పెయింటింగ్ కోసమని మా ఇంట్లో ఇప్పటిదాకా కేటాయించిన డబ్బు అదొక్కటే.

తెలుగువాళ్ళకు తీర్మానాల విషయంలో ఒక సౌకర్యం ఉంది. జనవరి 1 జారిపోతే భోగి మంటల్లో పాతవన్నీ వేసేసి సంక్రాంతి నుంచి మొదలుపెట్టొచ్చు. అదీ పోతే ఉగాది, అదీ పోతే ఏప్రిల్ 1 నుంచి ఎలాగూ ఫైనాన్షియల్ ఇయర్, కాదంటే విజయదశమి ఉండనే ఉంది, విద్యలకు మంచి ముహూర్తం. నువ్వు వీటన్నిటికీ సాక్షివి. ఇంకో ఇబ్బంది ఉంది. మన అగ్రిమెంటు 11 నెలలది, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి, ఆ ఖర్చెందుకని ఊరంతా 11 నెలలే రాసుకుంటుంది. తీర్మానమేమో 12 నెలలది. ఇంటికే గ్యారంటీ లేని చివరి నెలలో నా కళకు ఎవరు పూచీ?

ఒకసారి మాత్రం గట్టిగానే దిగాను. కలంకారీలో నల్లరంగు కొనుక్కొచ్చేది కాదు, కసీమి అంటారు, తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు కలిపి మూత కట్టి రెండు మూడు వారాలు పులియబెడితే తయారవుతుంది. కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరేసిన బట్ట మీద ఆ కసీమితో గీస్తే, ముందు వెలిసిపోయినట్టు కనబడిన గీత కళ్ళముందే నల్లబడుతుంది. ఆ నల్లబడే క్షణం కోసమే నాకీ తిప్పలన్నీ. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. మనకు దొరికే ప్యాకెట్ పాలతో అది ఎంత మాత్రం కుదురుతుందో చూద్దామని, మానిటర్ల మధ్య కాస్త జాగా చేసి నీ మూలన ఒక జాడీ పెట్టాను. నాలుగో రోజు అత్తయ్య ఊరి నుంచి వచ్చారు. మాగాయ అనుకుని మూత తీశారు.

"ఏమ్మా, మేకులు ఊరేశావెందుకు?"

చెప్పాను. మొత్తం విన్నారు, కోప్పడలేదు. "మంచి విద్యేనమ్మా, కానీ పిల్ల తిరిగే ఇల్లు" అని జాడీని బాల్కనీలో పెట్టారు. అక్కడి నుంచి పక్కింటివాళ్ళకు వాసన వెళ్ళి, డ్రైనేజీ లీకైందేమో చూడమని అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో పెట్టారు. ప్లంబర్ కూడా వచ్చి వెళ్ళాడు పాపం. జాడీ వాషింగ్ మెషీన్ పక్కకు మారింది. ఒక సోమవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తళతళా తోమి బోర్లించి ఉంది. కంపు కొడుతోందక్కా, నేనే కడిగేశానంది పనమ్మాయి. మేకులు పారెయ్యకుండా జాగ్రత్తగా కవర్లో కట్టి పెట్టింది, మేకులంటే డబ్బులు కదా అని.

అప్పటికి అసలు కష్టం రానే లేదు, నీళ్ళు. ఈ పనికి ప్రతి దశలో బట్టను పారే నీళ్ళలో జాడించాలి. శ్రీకాళహస్తిలో వాళ్ళకు స్వర్ణముఖి ఉంది. మాకు ట్యాంకర్ ఉంది. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, తాగే నీళ్ళతో కారు కడిగితే 5 వేలు జరిమానా అని జలమండలి ప్రకటించిన ఊరు ఇది. అలాంటి ఊళ్ళో అర్జునుడి రథాన్ని నాలుగుసార్లు జాడిస్తానంటే అసోసియేషన్ ఊరుకుంటుందా?

గది లేకపోతే కళ లేదా అని నువ్వు అడగొచ్చు, నీకు ఆ హక్కుంది. జనవరి మొదట్లో ఒక ఆదివారం కుమార కృపా రోడ్డు మీద చిత్రసంతె జరుగుతుంది, చిత్రకళా పరిషత్ వాళ్ళది. రోడ్డు రోడ్డంతా బొమ్మలే. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు ఫుట్‌పాత్ మీద గోనెపట్టా పరుచుకుని, తలమీద ఎండలో, జనం కాళ్ళ మధ్య గీస్తుంటారు. వాళ్ళలో ఎవరినీ చూసి రెండున్నర బెడ్రూముల మనుషులని నాకనిపించలేదు. పక్కనే మైసూరులో మాల్గుడి కథల రచయిత ఆర్.కె. నారాయణ్ ఉండేవారు, యాదవగిరిలో ఇల్లు కట్టించుకుని, రాసుకోవడానికి ఎనిమిది కిటికీల గది వేయించుకున్నారు, అందులోంచి చాముండి కొండ గుడి కనబడేది. తీరా ఆ అందం చూస్తూ కూర్చుంటే కలం కదలట్లేదని బల్ల పక్క కిటికీకి తెర వేసుకున్నారట. అప్పుడు సాగింది రాత. ఆ లెక్కన డక్ట్ కిటికీతో నువ్వు సాహిత్యానికి ఎంత అనువైనదానివో! కాకపోతే ఆయన తెర వేసుకున్నది తన గదికి. ఎనిమిది కిటికీలు ఉన్నాయి కాబట్టి ఒకటి మూసుకునే వీలు దొరికింది.

నీ తరఫున ఇంకో వాదన కూడా నేనే చేస్తాను, తిరుమల గుడిలో హుండీకి ఎదురుగా సంకీర్తన భాండారం అని ఒక చిన్న రాతి అర ఉంది. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకులు అందులో మరుగున పడి ఉండి, 1922లో వెలుగు చూశాయి. సామాన్ల గదిని చులకన చెయ్యకూడదు, ఒప్పుకుంటాను. నీలోనూ రాగి ఉంది, అత్తయ్య కాపురానికి తెచ్చుకున్న బిందె. నాలుగైదు శతాబ్దాల తర్వాత ఎవరైనా తవ్వి తీస్తే ఈ ఇంట్లో ఒక స్త్రీ నీళ్ళు మోసిందని కనుక్కుంటారు.

నీ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇది కాదు. నాకు గది కావాలన్నప్పుడు ఈ ఇంట్లో వద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరు. "నీదే కదా, వాడుకో" అంటారు మా ఆయన, సైకిలు మీద తువ్వాలు ఆరేస్తూ. "అమ్మ ఆర్ట్ రూమ్" అని పాప స్కెచ్ పెన్నుతో రాసి నీ గోడకు అంటించింది కూడా, ఆ కాగితం ఇప్పుడు అట్టపెట్టెల వెనక ఉంది. ఎవరైనా అడ్డుపడితే పోట్లాడేదాన్ని, పోట్లాట నాకు బాగా వచ్చు. అందరూ సరేనన్నాక ఎవరితో పోట్లాడను? నేను అడిగి, అందరి సరే తీసుకుని, ముహూర్తం చూసుకుని నీలోకి రావాలి. బస్తా మాత్రం ఎవరినీ అడక్కుండా వచ్చి కూర్చుంటుంది. 1950ల్లో కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకుని, అంతరించిపోతున్న కలంకారీకి శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చేలా చేసింది. ఒక ఊరి కళనే నిలబెట్టిన ఆ మహాతల్లి కూడా, మా అపార్ట్‌మెంట్‌కి వచ్చి ఆ టీవీ అట్టపెట్టె తీయించగలిగేదా అని నాకు అనుమానమే.

ఫిబ్రవరిలో అగ్రిమెంటు రెన్యువల్. మొన్న రాత్రి మా ఆయన ఫోన్లో లెక్కలేసి, "ఎలాగూ ఆ అర గది వాడట్లేదు కదా, రెండు బెడ్రూములకు మారిపోతే నెలకు ఆరు వేలు మిగులుతాయి" అన్నారు. వాడట్లేదట! సైకిలుకు, మానిటర్లకు, అట్టపెట్టెలకు ఇంత వసతి ఇచ్చాం, ఈ రోడ్డు మీద పీజీల్లో ముగ్గురేసి సర్దుకునే పిల్లలకు లేదు ఇంత సుఖం. మారేది లేదు, నేనే సంతకం పెడతానన్నాను. ఆయన సరే అన్నారు, మామూలుగానే.

కాబట్టి నీకు తెలియజేయునది ఏమనగా, మానిటర్లను అమ్మకానికి పెట్టాను, రేపు ఒకబ్బాయి వచ్చి తీసుకెళ్తాడు. సైకిలు కింద క్లబ్ హౌస్‌కి దానం, అక్కడివాళ్ళ తువ్వాళ్ళకూ ఒక ఆధారం ఉండాలి. బియ్యం బస్తా మా బెడ్రూంలోకి, మంచానికి ఆయన వైపు, తలాపున. పనమ్మాయి కట్టిపెట్టిన మేకులు దొరికాయి, బెల్లంతో సహా మళ్ళీ నానేశాను. ఈసారి జాడీ మీద 'విషం, ముట్టుకోవద్దు' అని తెలుగులో, కన్నడలో, ఇంగ్లీషులో రాసి అంటించాను. కన్నడం పాప రాసింది, పక్కన పుర్రె బొమ్మ కూడా వేసింది, నాకంటే బాగానే వేసింది. వాసన వస్తే ఓర్చుకో. తలుపు సంగతి ఓనర్‌తో మాట్లాడుతున్నాను, ప్లైవుడ్‌దైనా సరే, గడియ మాత్రం లోపలి వైపు ఉండాలన్నాను.

ఇట్లు,
నీ అద్దె కట్టు మనిషి

తా.క.: ఉగాదికి మా ఆడపడుచు వాళ్ళు నలుగురూ వస్తున్నారట. పరుపులు ఎక్కడ వేద్దామని అత్తయ్య ఇప్పుడే ఫోన్ చేశారు. నువ్వేం మాట్లాడకు, నేను చెప్తాను.