కూర్చోబెట్టే ప్రేమ కాళ్లు లాగేస్తోంది

‘‘నువ్వు కూర్చో అమ్మా, మేం చూసుకుంటాం.’’ ఎంతో ప్రేమగా అనే ఈ మాటే మన ఇళ్లలో పెద్దవాళ్లను పడగొడుతోందని నా నమ్మకం.

పెద్దవాళ్లు పడ్డారనగానే తడి బాత్రూమును, నున్నటి టైల్సును తిట్టుకుంటాం. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రిపూట చిన్న దీపం ఉండాల్సిందే. నిద్రమాత్రలు, బీపీ మందుల వల్ల తూలుతున్నారేమో డాక్టరును అడగాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా అన్ని వయసులవారూ కలిపి కిందపడి ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. అయితే జారిన కాలు నిలదొక్కుకోవాలంటే తొడల్లో సత్తువ ఉండాలి. దాన్ని మనమే చేజేతులా పోగొడుతున్నాం.

మా అమ్మ డెబ్బై ఏళ్లు దాటాక కూడా కత్తిపీట ముందు కూర్చునే కూరలు తరిగేది. గిన్నె చేత్తో పట్టుకుని, నేలకు చెయ్యి ఆనించకుండా లేచేది. కష్టపడుతోందని మేమే కత్తిపీటను అటకెక్కించి డైనింగ్ టేబుల్ తెచ్చాం. రెండేళ్లు తిరిగేసరికి సోఫాలోంచి లేవాలంటే మోకాళ్ల మీద రెండు చేతులూ ఆనించి, ఒకసారి ముందుకు ఊగి, మళ్లీ కూలబడి, రెండో ఊపుకు లేవడం మొదలైంది. ఆపైన గోడ పట్టుకుని నడక.

కింద కూర్చుని లేచిన ప్రతిసారీ తొడలు, పిరుదులు, చీలమండలు కలిసి పనిచేస్తాయి. వ్యాయామంతో పెద్దవాళ్లు పడిపోవడం సుమారు 23 శాతం తగ్గుతుందని 108 పరిశోధనలను కలిపి చూసిన 2019 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష తేల్చింది. ఒంటిని నిలదొక్కుకోవడం, కూర్చుని లేవడం వంటి సాధనలకే అందులో గట్టి ఆధారాలు కనిపించాయి.

మోకాళ్లు అరిగినవారిని, ఆపరేషన్ అయినవారిని నేల మీద కూర్చోమనడం తప్పే. వాళ్లు ఎత్తయిన కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవచ్చు, వంటగట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడవచ్చు. డాక్టరు నేల మీద కూర్చోవద్దంటే మనం కదలనే వద్దన్నట్టు అర్థం చేసుకుంటున్నాం.

తప్పంతా ఇంటివాళ్లదే కాదు. గేటు దాటితే పెద్దవాళ్లు అడుగు పెట్టే చోటేది? హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ కాలిబాట మీద బండ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, లేచిపోయిన పలకలు. ఫ్లైఓవర్లకు కోట్లు పోస్తున్న నగరాలు నడిచేవాళ్లను మనుషులుగా లెక్కేయడం లేదు. వార్డుకో జిమ్ పరికరం బిగించి ఫొటోలు దిగుతున్న నాయకులను నేను అడిగేది ఒక్కటే: ఇంటి గేటు నుంచి పార్కు దాకా ఎక్కడా తెగని, ఎత్తుపల్లాలు లేని కాలిబాట, మధ్యలో కాసేపు ఆగడానికి రెండు బెంచీలు.