1946 నాటి ఉత్తరం మైక్రోఫిల్ముగా వచ్చి ఉండదు

యుద్ధం ముగిశాక 1946లో జర్మనీ నుంచి ఒక అమెరికన్ సైనికుడు ఇంటికి రాసిన ఉత్తరం వి-మెయిల్ మైక్రోఫిల్ముగా చేరిందని వ్యాసంలో రాశారు. అది కుదరదండీ. వి-మెయిల్ అంటే ప్రత్యేక ఫారం మీద రాసిన ఉత్తరాన్ని చిన్న ఫిల్ము మీద ఫోటో తీసి పంపి, చేరిన చోట మళ్ళీ కాగితం మీద ముద్రించే పద్ధతి. ఫిల్ము తీయడం 1945 నవంబర్ 1తోనే ఆగిపోయింది. మిగిలిన ఫారాల మీద ఆ తర్వాత కూడా రాశారు కానీ, అవి మామూలు ఉత్తరాల్లా కాగితంగానే వెళ్ళాయి. చేత్తో పట్టుకుంటే తేడా తెలుస్తుంది. ఫిల్ము నుంచి తీసిన నకలు ఫోటో కాగితం మీద ఉంటుంది, సైజు సుమారు నాలుగుంపావు, ఐదుంపావు అంగుళాలు, అక్షరాలు చీమల్లా ఉంటాయి. లేత పెన్సిల్ రాతైతే ఫోటోలో సరిగా పడేదే కాదు.

కవరు ఉంటే ముందు అది చూడండి. స్టాంపు చోట చేత్తో ‘ఫ్రీ’ అని రాసి ఉంటే ఓడ టపా. సైనికులకు ఆ సదుపాయం 1947 చివరి దాకా ఉంది. విమానంలో అయితే యుద్ధకాలంలో అర ఔన్సుకు 6 సెంట్లు. ఇంటివాళ్ళకు మాత్రం ఉచితం లేదు, పాపం. వాళ్ళు రాసే చిరునామాలో సైనికుడున్న ఊరి పేరుండదు: పేరు, హోదా, సైనిక సంఖ్య, దళం, ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) నంబరు, న్యూయార్క్ పోస్ట్‌మాస్టర్ ద్వారా. 1945లో సర్వీసు కాలం వంటివాటికి ఇచ్చిన పాయింట్ల లెక్కన మనుషుల్ని దళాలు మార్చేశారు కాబట్టి పాత నంబరుకు వెళ్ళిన ఉత్తరం మనిషి వెనకే తిరిగేది. ఏపీఓ కొట్టేసి మళ్ళీ రాసిన కవర్లుంటే దయచేసి పారేయకండి.