మురికికాలువలో మత్స్యావతారం

శ్రీమహావిష్ణువు వేదాలను కాపాడడానికి చేపగా అవతరించినప్పుడు షామియానా వేయించుకున్నట్లు ఏ పురాణంలోనూ లేదు. ఆ లోటును అనంతపురం జిల్లాలోని మా పట్టణం ఈ వానాకాలంలో తీర్చింది. పట్టణం పేరు చెప్పను. చెబితే ఇదే పని చేసిన పక్క పట్టణాలవారు తమను విస్మరించానని నొచ్చుకుంటారు.

దోమల నివారణకు, దోమ పిల్లలను తినే గంబూజియా చేపలను మురికికాలువలో వదిలే మహోత్సవమది. ఫ్లెక్సీ మీద నాయకుల ముఖాలు పదకొండు, దోమ బొమ్మ ఒకటి. అందరిలోకీ దోమే కాస్త స్పష్టంగా పడింది. కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, ముఖ్య అతిథి పాలిథీన్ సంచిని కాలువలోకి వంచగా, సరిగ్గా ఆ క్షణానికి ఫొటోగ్రాఫరు ఇంకా బ్యాటరీ మార్చుకుంటున్నాడని తేలింది. కాబట్టి పారిశుద్ధ్య కార్మికుడొకడు మోకాళ్లలోతు మురుగులోకి దిగి, దొరికినన్ని చేపలను జల్లెడతో పట్టి మళ్లీ సంచిలో వేశాడు. రెండోసారి వదిలినప్పుడు ఒక వార్డు నాయకుడి సగం ముఖమే ఫొటోలో పడింది. ఎన్నికలు దగ్గర పడుతుండగా సగం ముఖంతో సరిపెట్టుకొమ్మని ఎవరనగలరు? మూడోసారికి చేపలకూ పని అలవాటై, జల్లెడ కనబడగానే అవే వచ్చి ఎక్కాయని చూసినవారు చెబుతున్నారు. సభ ముగిశాక శాలువా ముఖ్య అతిథికి కప్పారు. మూడుసార్లు మురుగులో దిగిన మనిషికి చేతొడుగులు కూడా లేవు.

ఇది సోమవారం సంగతి. మంగళవారం అదే కాలువలో ఆయిల్ బాల్స్ వేశారు. రంపపు పొట్టును గుడ్డలో మూటకట్టి, వాడేసిన ఇంజనాయిల్లో నానబెట్టిన ఉండలివి. నీటిమీద నూనె పొర పరుచుకుంటే, తోక చివరి గొట్టాన్ని పైకి పెట్టి గాలి పీల్చే దోమ లార్వాకు, అంటే నీటిలో పెరిగే దోమ పిల్లకు, ఊపిరాడదన్నది సిద్ధాంతం, అది సరైనదే. అయితే ప్రాణవాయువు తక్కువైన నీటిలో గంబూజియా కూడా ఆ పైపొరకే మూతి ఆనించి బతుకుతుంది. సోమవారం దండ వేసి ఆహ్వానించిన అతిథికి మంగళవారం పెట్టిన విందు అది. బుధవారం సాయంత్రం దోమలమందు పొగ వదిలే బండి వచ్చి, ఎగిరే దోమల్లో కొన్నింటిని చంపి, నీటిలోని లార్వాలను మాత్రం పలకరించకుండా, వెనక పరుగెత్తే పిల్లలకు వినోదం పంచి వెళ్లిపోయింది. శాస్త్రజ్ఞులు సమగ్ర నివారణ అనేది బహుశా ఇదే కాబోలు.

గంబూజియా కూడా సామాన్యురాలేమీ కాదు. ఉత్తర అమెరికాలో పుట్టి, 1928లో మన దేశానికి దోమల పేరుతో వచ్చి, ఇక్కడి చేపల గుడ్లను, పిల్లలను, తోకకప్పలను కూడా ఆరగిస్తున్న చేప అది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దానికి చోటిచ్చింది.

చేప మంచిదో చెడ్డదో అలా ఉంచుదాం. డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమకు మురికికాలువతో పనేమిటి? అక్కడ ప్రధానంగా కాపురముండేది క్యూలెక్స్ అనే వేరే రకం దోమ. ఈడిస్ మహా శుచిగల దోమ. శుభ్రమైన నిల్వనీటిలో, అంటే మన డ్రమ్ములో, సిమెంటు తొట్టిలో, కూలర్లో గుడ్లు పెడుతుంది. నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటుకున్న ఆ గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. డ్రమ్మును వంచితే చాలదు, లోపల గీకి కడగాలి.

ఈ మాట చెప్పడానికే మైకు బండి వీధివీధీ తిరిగింది. ‘‘నీటిని నిల్వ ఉంచరాదు, ఉంచినచో జరిమానా విధించబడును.’’ దాని వెనకే వచ్చిన ఆశా కార్యకర్త, ‘‘అవ్వా, తొట్టి ఒంచేసి ఆరబెట్టండి’’ అంది. మా వీధి చివరి అవ్వ ఆమెను కూర్చోబెట్టి నీళ్లిచ్చి అడిగింది: ‘‘నాలుగు దినాలకొకతూరి కొళాయి ఇడిస్తే, ఉన్నవి ఒంచేసి ఏం తాగల్ల పాపా?’’

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆశా కార్యకర్త కాదు, ఫ్లెక్సీ మీది పదకొండుమంది. దేశంలోనే అతి తక్కువ వాన కురిసే జిల్లాల్లో ఒకదానిలో, నీళ్లు నాలుగు రోజులకొకసారి వదిలేది మీరు, దాచుకున్నందుకు జరిమానా వేస్తామనేదీ మీరే. పోయిన ఏడు మా పక్కింటి తొమ్మిదో తరగతి పిల్లవాడిని ప్లేట్‌లెట్లు పడిపోయి కర్నూలుకు తీసుకుపోయారు. పిల్లవాడు బతికాడు, తండ్రి ఆటో మాత్రం ఇంకా తాకట్టులోనే ఉంది. ఆ ఇంటి డ్రమ్ములో దోమను పెంచింది ఆ తల్లి అశుభ్రత కాదు, మీ కొళాయి. ఏ సిగ్గూ లేకుండా ఆమెకే శుభ్రత పాఠం చెప్పి వచ్చారు!

డ్రమ్ములోని లార్వాకు మందు లేక కాదు. 1976లో ఇజ్రాయెల్ ఎడారిలో దొరికిన బీటీఐ అనే బ్యాక్టీరియా ఉంది. దాన్ని మింగిన లార్వా పేగు చిల్లులుపడి చస్తుంది, మనుషులకు గానీ చేపలకు గానీ హాని లేదు. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో, డెంగీ వైరస్‌ను దోమలో పెరగనివ్వని వోల్బాకియా బ్యాక్టీరియా ఉన్న ఈడిస్ దోమలను వదిలితే డెంగీ 77 శాతం తగ్గినట్లు 2021లో ప్రచురించారు. అటువంటి దోమలను మన పుదుచ్చేరి పరిశోధన సంస్థ కూడా తయారుచేసింది. అయితే కంటికి కనబడని బ్యాక్టీరియాను వదులుతున్నట్లు ఫొటో దిగేదెలా? ఇక దోమలనే వదిలే సభకు ముఖ్య అతిథిని వెతకడం దోమను పట్టడంకన్నా కష్టం.

మహోత్సవం ముగిసిన మర్నాడు అవ్వ ఆ ఫ్లెక్సీని విప్పుకొచ్చి, డ్రమ్ము మీద కప్పి, పురికొసతో బిగించి కట్టింది. ఒక్క దోమకూ లోపలికి దారి లేదు. ఇన్నాళ్లకు ఆ పదకొండుమంది ప్రజలకు ఉపయోగపడ్డారని నేను మెచ్చుకునే లోపలే, గురువారం రాత్రి వాన పడింది. ఫ్లెక్సీ నడుమ గుంట దిగి, ముఖ్య అతిథి చిరునవ్వు మీద దోసెడు తేటనీరు నిలిచింది. వారం తర్వాత వంగి చూస్తే, ఆయన పళ్ల మీద లార్వాలు ఆడుకుంటున్నాయి.