కొత్త గుడ్డ కోసి బొంత కుడతారా?

పోయిన ఆదివారం హైదరాబాదులో ఒక చేనేత ఎగ్జిబిషన్‌కి వెళ్లాను. ఒక స్టాల్లో వెదురు కర్ర మీద బొంత వేలాడదీశారు. ఎరుపు, ఆకుపచ్చ, ఇండిగో ముక్కలు, పైన తెల్లదారంతో కుట్లు. దూరం నుంచి ప్రాణం లేచొచ్చింది. ధర 7,200. అందుకు నాకేం బాధ లేదు, చేతికుట్టుకి ఎన్ని రోజులు పడుతుందో నాకు తెలుసు. కానీ దగ్గరికెళ్లి పట్టుకుంటే గరగరలాడింది. గంజి వాసన. తిప్పి చూస్తే ముక్కలన్నీ తానులోంచి కోసినవే, ఒకటే కొలత.

"ఇది పాత చీరలతో కుట్టింది కాదామ్మా?" అని అడిగాను.

"ఛ ఛ, కాదు మేడం. అంతా ఫ్రెష్ ఫ్యాబ్రిక్. వాడిన గుడ్డ ఒక్క ముక్క కూడా ఉండదు" అంది ఆ అమ్మాయి, నాకేదో భరోసా ఇస్తున్నట్టు.

ఆ "ఛ ఛ" గురించే ఈ పోస్టు. పొడుగ్గా ఉంటుంది, ఓపిక లేనివాళ్లు దాటెయ్యండి.

అసలు బొంత సుఖం రంగుల్లో లేదు, గుడ్డ వయసులో ఉంది. కొత్త నూలు బిర్రుగా ఉంటుంది. నూరు ఉతుకులు పడి, ఎండలో ఆరి, ఒంటి మీద నలిగితే గానీ ఆ పోగు మెత్తబడదు. అలాంటి గుడ్డ నాలుగైదు పొరలు కలిపి కుడితే, ధనుర్మాసం చలిలో కప్పుకున్నా ఉక్క పోయదు, ఎండాకాలం కింద పరుచుకున్నా చెమట పీలుస్తుంది. దూదితో పని లేదు. కొత్త గుడ్డతో కుట్టినదాన్ని కప్పుకుంటే అట్ట కప్పుకున్నట్టు ఉంటుంది, పదేళ్లు ఆగాలి అది బొంత కావడానికి. ఈ సంగతి మనవాళ్లకి తెలియక కాదు. పుట్టిన బిడ్డని కొత్త బట్టలో చుడతామా? అమ్మమ్మో నాయనమ్మో కట్టి కట్టి మెత్తబడ్డ నూలుచీర చింపి పొత్తిగుడ్డలు చేస్తాం. "పొత్తిళ్లలో బిడ్డ" అని ముద్దుగా అంటాం కూడా. ఆ బిడ్డ పెద్దయ్యి ఎగ్జిబిషన్లో నిలబడి పాతగుడ్డ అంటే ఛ ఛ అంటుంది!

నరసరావుపేట దగ్గర మా ఊళ్లో చీరకి రిటైర్మెంటు ఉండేది కాదు. ముందు పేరంటాలకి కట్టేవాళ్లు, తర్వాత ఊరెళ్లడానికి, ఆ తర్వాత ఇంట్లోకి. మెట్టెలకి తగిలి కింది అంచు చీకాక బొంతలోకి. బొంత కూడా చిరిగితే చలికాలం దూడ మీదికి. చివరికి మిగిలిన పీలిక మసిగుడ్డయ్యి, గిన్నెలు దించీ దించీ, పొయ్యిలోకే పోయేది.

అంత చేసి, బొంతంటే మాకు సిగ్గు. అది ఒప్పుకోవాలి. చుట్టాలొస్తున్నారంటే బొంతలు అటకెక్కేవి, షోలాపూర్ దుప్పట్లు దిగేవి. చుట్టాలు వెళ్లాక నాన్న "ఆ బొంత ఇలా పడెయ్" అనేవాడు, రెండ్రోజులు నిద్రపట్టని మనిషిలా. భాషలో కూడా దానికి మర్యాద లేదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒకే రకం అనడానికి గంతకు తగ్గ బొంత అని వెక్కిరింత. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే టీవీల్లో సాయంత్రం దాకా అతుకుల బొంత, అతుకుల బొంత. బొంత కుట్టిన మనిషెవరూ ఈ పోలిక వాడరు. అతుకు దగ్గర గుడ్డ రెండు మడతలుంటుంది, అక్కడ బొంత చిరగదు. చిరిగితే అతుక్కి పక్కన, చీర పల్చబడ్డ చోట చిరుగుతుంది.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. రెండు బొంతలు పాడుచేసి నేర్చుకున్నాను.

మొదటిది 2021లో. ఇంట్లో ఉన్న పాతవన్నీ పోగేశాను. టైలర్ దగ్గరికెళ్లి, జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు సంచీడు తెచ్చాను. ఏది నూలో ఏది పాలిస్టరో చూడలేదు. కుట్టేటప్పుడే తెలిసింది, సూది ఒక ముక్కలో వెన్నలో దిగినట్టు దిగుతోంది, పక్క ముక్కలో మొరాయిస్తోంది. ఉతికాక నూలు ముక్కలు ముడుచుకున్నాయి, పాలిస్టర్ ముక్కలు అలాగే నిలబడ్డాయి. బొంతంతా అప్పడంలా బుడిపెలు లేచింది. పైగా ఒక మెరూన్ జాకెట్ గుడ్డ రంగు దిగి, చుట్టుపక్కలంతా వక్కపొడి ఉమ్మినట్టు చేసింది. కల్లుప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని అమ్మ నమ్మకం. నాకైతే ఆగలేదు.

ఇప్పుడు ప్రతి గుడ్డకీ అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటిస్తాను. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టరైతే ముడుచుకుపోయి నల్లటి పూసలా గట్టిపడుతుంది, ప్లాస్టిక్ కాలిన కంపు. నూలూ పాలిస్టరూ కలిపి నేసినదైతే బూడిదా పూసా రెండూ. దుకాణంలో "ప్యూర్ కాటన్" అని అమ్మిన రెండు చీరలు ఈ పరీక్షలో దొరికిపోయాయి, అది వేరే పోస్టు రాయాల్సినంత కోపం. రంగు సంగతి తేల్చడానికి తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దితే చాలు.

తర్వాత చీరని కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడాలి. వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తే ఆ భాగం పనికిరాదు. నడుం దగ్గర దోపుకునే చోట, భుజం మీద పిన్ను పెట్టే చోట, కింద ఫాల్ పైభాగాన ముందు పోతుంది. కత్తెరతో కొయ్యడం కన్నా చేత్తో చింపడం మేలు. పోగు వెంబడి తిన్నగా చిరుగుతుంది, గుడ్డలో సత్తువ ఉందో లేదో చెవికే తెలిసిపోతుంది. సత్తువున్న నూలు టర్రుమంటుంది. చీకినది చప్పుడు చెయ్యకుండా చేతిలోకి వచ్చేస్తుంది. జరీ అంచు మాత్రం తీసెయ్యాలి, రాత్రంతా మెడ గీరుతుంది.

కొలతలు కష్టమేమీ కాదు. ఐదున్నర మీటర్ల చీర మూడు సమాన ముక్కలు చేస్తే ఒక్కోటి ఆరడుగులు, వెడల్పు ఎలాగూ నలభై అయిదంగుళాలు. అంటే ఒక్క చీరతో ఒంటిమంచం బొంతకి లోపలి మూడు పొరలూ వచ్చేస్తాయి. అడుగున ఒక పంచె, పైన మన అతుకుల సింగారం. అన్నీ నేల మీద పరిచి, నాలుగు మూలలా పచ్చడి బండో, పీటో, నీళ్ల చెంబో బరువు పెట్టి, మధ్యనుంచి బయటికి పెద్దపెద్ద టాకాలు వేసుకుంటూ రావాలి. రెండో బొంతలో ఈ టాకాల దగ్గరే బద్ధకించాను. పొరలు జరిగిపోయి, ఒక మూల పిల్లి పడుకున్నట్టు ఉబ్బింది. మధ్యనుంచే మొదలుపెట్టాలని మా అమ్మ శాసనం. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ ఆడవాళ్లు కుట్టే కవండి అనే బొంత దీనికి పూర్తిగా ఉల్టా. వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్కల్ని ముందుగా అతకకుండా అప్పటికప్పుడు కింది గుడ్డ మీద పెట్టి కుట్టుకుంటూ, చుట్లు చుట్లుగా నడిమికి చేరతారు. నాలుగు మూలలా గుడ్డ మడిచి పువ్వులు కూడా పెడతారు, అవి లేకపోతే వాళ్ల లెక్కలో కవండి పూర్తి కానట్టే. అమ్మకి వీడియో చూపిస్తే కాసేపు చూసి, "వాళ్ల చెయ్యి వాళ్లది" అంది. మా అమ్మ నోట అది పెద్ద మెచ్చుకోలు.

సరే, మళ్లీ నా కోపం దగ్గరికొస్తాను.

అమెరికాలో డాలస్‌లో ఉండే మా వదిన క్విల్టింగ్, అంటే అక్కడి బొంతల కుట్టు, నేర్చుకుంటోంది. అక్కడ దుకాణాల్లో "జెల్లీ రోల్" అని అమ్ముతారట, రెండున్నర అంగుళాల వెడల్పు కొత్తగుడ్డ పట్టీలు, గుండ్రంగా చుట్టి, పైన రిబ్బను. మరొకటి ఐదంగుళాల చదరాలు. మిగిలిపోయిన ముక్కలతో కుట్టినట్టు కనిపించడం కోసం కొత్త గుడ్డని ముక్కలు చేసి అమ్ముతారన్నమాట! "వదినా, అట్లకాడ కొనుక్కుని అట్టు హోటల్నుంచి తెప్పించుకున్నట్టుంది" అన్నాను. రెండు వారాలు ఫోను చెయ్యలేదు.

కానీ ఆ దేశంలోనే అలబామాలో గీస్ బెండ్ అని ఒక మారుమూల పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు, ఒకప్పుడు అదే నేలమీద బానిసలుగా పత్తి పండించినవాళ్ల వారసులు, చిరిగిన పొలంపని బట్టలతో తరతరాలుగా బొంతలు కుట్టారు. చలికి తట్టుకోవడానికి కుట్టుకున్నవే. వాటిని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకి పెట్టి ప్రదర్శించారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు కూడా వేశారు. వాటిల్లో 1942లో మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ కుట్టిన బొంత ఒకటుంది. భర్త పోయాక ఆయన పొలానికి వేసుకెళ్లిన బట్టలన్నీ చింపి కుట్టింది, ఆయన జ్ఞాపకాన్ని కప్పుకుని పడుకోవడానికి. మోకాళ్ల దగ్గర వెలిసిన నీలం, జేబు ఊడదీసిన చోట దాగి ఉన్న ముదురు రంగు, అన్నీ అలాగే కనబడతాయి. కొత్త తాను కోసి ఆ నీలం తెమ్మనండి చూద్దాం.

ఇక్కడే మనవాళ్లతో నాకు పేచీ. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉండకూడదంటారు. నాన్న పోయినప్పుడు పదకొండో రోజు లోపలే ఆయన చొక్కాలు, లుంగీలు మూటకట్టి పంపించేశారు. నేను మూడు పంచెలు దాచాను. దొంగతనమనే అనుకోండి. మూడో బొంతకి, అంటే ఎట్టకేలకి బాగా కుదిరినదానికి, అడుగు పొర వాటిదే. నాలుగు నెలలు పట్టింది. అమ్మకి చూపించాను. గుడ్డ పట్టుకోగానే గుర్తుపట్టింది. ఏమీ అనలేదు. రెండ్రోజులు ఆ గదిలోకి రాలేదు. మూడోరోజు వచ్చి, బొంత తిరగేసి, "ఇక్కడ కుట్టు దూరమైంది, కాలివేలు ఇరుక్కుంటుంది" అని సూది అడిగింది.

"ఎవరెవరో విడిచిన బట్టలు, రోగాలొస్తాయి" అనేవాళ్లకి ఒక మాట. వేడినీళ్లు, సబ్బు, మే నెల ఎండ, ఇంతకన్నా ఏం కావాలి? తిరుపతి వెళ్లి లాడ్జిలో దిగినప్పుడు ఆ దుప్పటి అంతకుముందు ఎంతమంది కప్పుకున్నారో అడుగుతున్నారా? పానిపట్‌లో విదేశాల నుంచి వచ్చిన పాత ఉన్ని బట్టల్ని చీల్చి, మళ్లీ దారం వడికి రగ్గులు నేస్తారు. అవి దేశమంతా కప్పుకున్నారు.

కానీ మా ఇంట్లో పనికి సాయం వచ్చే ఆవిడ దగ్గర మాత్రం నా ఉపన్యాసం సాగలేదు. బొంత చూపించి మురిసిపోతుంటే, "మా అత్త ఇట్టాంటిదే కప్పి నన్ను కాపరానికి తెచ్చిందమ్మా. మొన్న ఈఎంఐలో డబుల్ రగ్గు కొన్నా" అంది నవ్వుతూ. చిన్నప్పట్నుంచీ అందరూ విడిచిన బట్టలే వేసుకుని పెరిగిన మనిషికి కొత్త రగ్గు ఎంత గొప్పదో నాకు తెలియదు, తెలిసినట్టు నటించను. నాకు కోపం ఆవిడలాంటి వాళ్ల మీద కాదు. బీరువా నిండా చీరలుండి, వాటిని వీధిలో స్టీలు సామాన్లావిడకి నాలుగు కాటన్ చీరలకి ఒక డబ్బా చొప్పున ఇచ్చేసి, అదే వారం బజార్లో "ప్యాచ్‌వర్క్" కొనే నాలాంటి వాళ్ల మీద. అవును, ఆ డబ్బాలు మా వంటింట్లోనూ ఉన్నాయి.

పాలిస్టర్ చీరల సంగతి మాత్రం నాకూ తోచడం లేదు. బొంతకి పనికిరావు, మసిగుడ్డకి కరుగుతాయి, చెమట తుడవవు. మా ఊళ్లో అడవిపందులు రాకుండా చేను చుట్టూ కట్టారు. మిరప తోటకి రంగురంగుల కంచె. పందులు భయపడుతున్నాయో లేదో గానీ, ఫొటోలకి బాగుంది.

ఆ స్టాల్ అమ్మాయితో వాదించలేదు, ఆమె తప్పేముంది. యజమానికి మాత్రం చీటీ రాసి వచ్చాను: వాడిన నూలుతో కుట్టించండి, కుట్టినామెకి ఎంత ఇచ్చారో ధర పక్కన రాయండి, ఇదే రేటుకి నేను కొంటాను. ఇంతవరకు జవాబు లేదు.

ఇక అసలు పని. నాలుగో బొంత మొదలుపెట్టాను, నీలం తక్కువైంది. మీ బీరువా అడుగున వెలిసిన నీలం మంగళగిరి చీరో, నేత లుంగీయో ఉంటే స్టీలు డబ్బాకి ఇచ్చెయ్యకండి, ఇన్‌బాక్స్‌లో చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటాను. చిరిగినా ఫర్వాలేదు, మరకలున్నా ఫర్వాలేదు. ముందు ఒక పోగు కాల్చి చూసి మాత్రం చెప్పండి.