మూడో అంతస్తులో కోడి కూసింది

మా కాల్ సెంటరు ఫోన్ సిస్టంలో ప్రతి ఏజెంటు పేరు పక్కనా ఒక గడి ఉంటుంది. దాని పేరు లొకేషన్. మాధాపూర్ మూడో అంతస్తు, విజయవాడ, విశాఖ, బెంగళూరు తెలుగు డెస్కు. ఈ నాలుగే. ఏదో ఒక ఊరు ఎంచుకుంటే అప్పుడు అక్కడ కాల్‌లో ఉన్నవాళ్లంతా పచ్చచుక్కలతో బారులు తీరతారు. ఒక చుక్క మీద నొక్కితే చాలు, ఏజెంటు మర్యాదలూ కస్టమరు తిట్లూ కలిసి నా చెవిలో పడతాయి. దీన్ని సైలెంట్ మానిటరింగ్ అంటారు. పక్కనే ఇంకో రెండు బటన్లున్నాయి. విస్పర్ నొక్కితే నా మాట ఏజెంటుకి మాత్రమే వినిపిస్తుంది, బార్జ్ నొక్కితే కస్టమరుకి కూడా. నేను ఆ రెండింటి జోలికి పోను. నాది క్వాలిటీ ఉద్యోగం, అంటే ఏజెంట్ల కాల్స్ విని ఫారంలో మార్కులు వేయడం. క్వాలిటీ వాడికి చెవులుంటే చాలు, నోరుంటే గొడవలు.

ఆ లొకేషన్ గడిని మా మేనేజరుగారు దేవుడి మాటలా నమ్ముతారు. నిజానికి దాన్ని సిస్టం కనిపెట్టదు. ఎప్పుడో ఏజెంటుకి ఎక్స్‌టెన్షన్ నంబరు ఇచ్చిన రోజున నెట్‌వర్క్ కుర్రాడు టైపు చేసిందే అది. అసలు దాన్ని పెట్టింది మనుషుల ఆచూకీ కోసమూ కాదు. రెండు ఊళ్ల మధ్య లైనులో ఒకేసారి ఎన్ని కాల్స్ పడతాయో లెక్క కట్టుకోవడానికి. గొంతుని లైనులో పంపే పద్ధతులు రకరకాలు. జీ.711 అనే పద్ధతిలో ఒక కాల్‌లో గొంతుకే సెకనుకి 64 కిలోబిట్లు పోతాయి, జీ.729లో 8 చాలు. పక్క ఊరి కాల్‌ని నేను దొంగచాటుగా వింటుంటే దానికీ లైనులో ఇంకో వాటా తెగుతుంది. అంతవరకే దాని పని. మనిషి బస్సెక్కితే గడి బస్సెక్కదు.

2020 నవంబరులో టెలికాం శాఖ నిబంధనలు సడలించి, ఏజెంటు ఇంటిని కూడా కాల్ సెంటరులో భాగంగా ఒప్పుకుంది. అప్పటి నుంచి మా మూడో అంతస్తు కూకట్‌పల్లిలో కొంత, కోదాడలో కొంత ఉంటోంది. గడిలో మాత్రం చెక్కుచెదరకుండా మాధాపూరే.

ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఈ జనవరి రెండోవారంలో నేనూ లాప్‌టాప్ చంకన పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా భీమవరంలో అత్తారింటికి వచ్చేశాను. పండక్కి ముందు గోదావరి జిల్లాల బస్సుల్లో సీటు దొరకడం మాటలు కాదు. దొరికింది ఎనిమిదో తారీకున, ఎక్కేశాను. ఇందులో నా తప్పేమీ కనబడదు నాకు.

దిగిన మర్నాడే మేనేజరుగారి ఫోన్. "ఏవయ్యా, పండగ సీజను. జనం ఊళ్లు పట్టుకుపోయి అక్కణ్నుంచి లాగిన్ అవుతున్నారని నా అనుమానం. లొకేషన్ వారీగా పదేసి కాల్స్ విను. బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ కాలమ్ జాగ్రత్తగా నింపు."

"అలాగే సార్," అన్నాను. వెనక మా అత్తగారు అరిసెల పాకం గురించి ఎవరినో కేకలేస్తున్నారు. మ్యూట్ నొక్కే ఉంచాను. వృత్తి ధర్మం.

పెరటి వైపు గది నాకిచ్చారు. చల్లగా ఉంది. ఆఫీసు వాళ్లిచ్చిన హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాను. అది ఒంటిచెవి రకం. కాల్ సెంటర్లలో చాలామందికి అదే ఇస్తారు, ఒక చెవి కస్టమరుకి, రెండోది పక్క సీటులో టీఎల్‌కి, అంటే టీమ్ లీడరుకి.

మొదటి కాల్ విశాఖ. డిష్ రీఛార్జి చేసినా సినిమా ఛానెళ్లు రావట్లేదని ఓ పెద్దాయన గోల. మా ఏజెంటు అమ్మాయి ఓపిగ్గా "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అండి" అంటోంది. ఎంపతీ గడిలో పూర్తి మార్కులు వేయబోతున్నాను. అంతలో కోడి కూసింది.

దూరంగా కాదు. ఏదో మూత కింద నుంచి కూసినట్టు, ముక్కుతో, అచ్చం ఫోనులోంచి వచ్చినట్టే. మా ఫారంలో జంతువుల అరుపు ఫేటల్. ఫేటల్ అంటే మిగతా మార్కులన్నీ సున్నా. జాలిపడుతూనే వేశాను.

విజయవాడ కాల్‌లోనూ కూసింది. మాధాపూర్‌లో అయితే ఒకే కాల్‌లో మూడుసార్లు. కోడి తెల్లవారుజామునే కూస్తుందనుకునేవాళ్లు కోడిని కూరలో తప్ప చూడనివాళ్లు. పదకొండింటికీ కూస్తుంది, పన్నెండున్నరకీ కూస్తుంది. నాకు ఒళ్లు పులకరించింది. ఇంతమంది దొంగల్ని ఒక్కరోజులో పట్టిన క్వాలిటీ వాడు కంపెనీలో ఇంతవరకు లేడు.

సాయంత్రానికి రిపోర్టు పంపాను. నలభై కాల్స్‌లో పదిహేడింట కోడి. విశాఖ 6, మాధాపూర్ 5, విజయవాడ 4, బెంగళూరు 2. కింద నా అభిప్రాయం కూడా రాశాను: "కూత తీరును బట్టి ఏజెంట్లలో అధికులు గోదావరి జిల్లాలకు తరలినట్లు భావించవచ్చు."

పన్నెండో తారీకున క్యాలిబ్రేషన్ పెట్టారు. అంటే అందరూ ఒకే రికార్డింగు విని ఎవరెవరు ఎన్ని మార్కులు వేస్తారో పోల్చుకోవడం. నాలుగు ఊళ్ల టీఎల్స్, మేనేజరుగారు, నేను. మొదట విశాఖ అమ్మాయి కాల్ వేశారు. పెద్దాయన గోల, అసౌకర్యానికి చింత, అన్నీ వచ్చాయి. కోడి రాలేదు.

"ఎక్కడయ్యా కోడి?"

"ఇప్పుడొస్తుంది సార్."

రాలేదు. దాని బదులు కుక్కరు విజిలొకటి ఖంగుమంది. తర్వాత ఇంకోటి. విశాఖ టీఎల్ గొంతు సవరించుకుని, "అన్నా, కుక్కరు రెండుసార్లు మోగింది. నీ ఫారంలో అది లేదు. లేని కోడి ఉంది," అన్నాడు.

నాకు చెమటలు పట్టాయి. రికార్డింగులో ఏజెంటు గొంతూ కస్టమరు గొంతూ మాత్రమే ఉంటాయి. సైలెంట్‌గా వినేవాడి గదిలో చప్పుడు అందులోకి ఎక్కదు. ఈ ముక్క ట్రైనింగులో కొత్తవాళ్లకి చెప్పేది నేనే. తెలిసిన ముక్కే, కానీ తలకెక్కడానికి ఓ అర నిమిషం పట్టింది. ఆ కంగారులో మైకు ఆన్‌లో ఉందన్న సంగతి మరిచాను.

కొక్కొరోకో.

మీటింగు సాఫ్ట్‌వేర్ ఉంది చూశారూ, ఎవరి వైపు నుంచి శబ్దం వస్తే వాళ్ల గడి చుట్టూ పచ్చగీత గీస్తుంది. గీసింది. లోపల నా పేరు. పేరు కింద మాధాపూర్, మూడో అంతస్తు.

ఎవరూ మాట్లాడలేదు. మా భాషలో దీన్ని డెడ్ ఎయిర్ అంటారు, దానికీ మార్కులు కోస్తాం.

చివరికి మేనేజరుగారు, "అంటే లిఫ్టు పక్కనా, క్యాంటీన్ పక్కనా?" అన్నారు.

మీటింగు అవగానే పెరట్లోకి పరిగెత్తాను. నా గది గోడకి ఆనుకుని, గంప కింద, గంప మీద రెండు గోనెసంచులతో, నిగనిగలాడే డేగపుంజు. పక్కన మా బావమరిది బాదంపప్పు ఒలుస్తున్నాడు.

"ష్... మెల్లగా బావగారూ. పోలీసులు ఇల్లిల్లూ తిరుగుతున్నారండి. అందుకే ఇక్కడ దాచాను. మీ గదివైపు ఎవరూ రారు కదా అని."

పందేలు నిషేధమని వాడికీ తెలుసు, పుంజు కేవలం చూసుకోవడానికేనంటాడు. ఆ విషయం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టానికి వదిలేశాను. "మధ్యాహ్నం పూట మాత్రం కూయదేంట్రా ఇది?" అని అడిగాను.

"జీడిపప్పు, కీమా తిని పడుకుంటదండి."

బెంగళూరుకి రెండే ఎందుకొచ్చాయో అప్పుడు తెలిసింది. ఆ ఊరి కాల్స్ భోజనాలయ్యాక విన్నాను.

పదిహేడు మందికీ మార్కులు తిరిగిచ్చేశాను. విశాఖ అమ్మాయికి కుక్కరు సంగతి వదిలేశాను, ఇద్దరం ఆ మాట ఎత్తడంలేదు. మర్నాడు నెట్‌వర్క్ కుర్రాడు ఫోన్ చేసి, "సార్, మీ లొకేషన్ సరిచెయ్యమన్నారు, కానీ లిస్టులో భీమవరం లేదు. కొత్తగా కలపనా?" అన్నాడు. కలపమన్నాను, ఇంకేం దాస్తాను. ఆ సాయంత్రం సిస్టంలో అయిదో ఊరు వెలిసింది. దానికింద ఒక్కటే పచ్చచుక్క.

లిస్టులో ఊరు కనపడేసరికి జనానికి ధైర్యమొచ్చినట్టుంది. నన్నూ అందులో వేసెయ్యమని ఆ కుర్రాడికి ఒకటే మెసేజ్‌లు. భోగినాటికి పదకొండు చుక్కలయ్యాయి. పది పేర్లు చెప్పగలను. పదకొండో పేరు చెబితే ఈ ఏడు నా అప్రైజల్ ఉండదు.