చెత్త గుట్ట దగ్గర రీసైక్లింగ్ కేంద్రం వస్తే ఇక కాలుష్యమే ఉండదా?

పల్లె శివార్లలోని చెత్త గుట్టల గురించి ఒక సందేశం తెగ తిరుగుతోంది. గుట్ట దగ్గర రీసైక్లింగ్ కేంద్రం పెడితే చెత్తంతా మళ్లీ వస్తువులైపోతుందట, నీళ్లు పాడుకావట, వాసన ఉండదట. ఊరికి దూరం కాబట్టి ఎవరికీ నష్టం లేదట, ప్రశ్నించేవాళ్లు అభివృద్ధికి అడ్డట. రీసైక్లింగ్ మంచిదే. ఆ మంచిని అడ్డం పెట్టుకుని ఈ సందేశం దాటవేసినవే చాలా ఉన్నాయి.

“చెత్తంతా మళ్లీ వస్తువులైపోతుంది.” కాదు. గాజు, అల్యూమినియం ఎన్నిసార్లయినా కరిగించుకోవచ్చు. అల్యూమినియంలోనైతే ఖనిజం నుంచి తీయడంతో పోలిస్తే సుమారు 95 శాతం శక్తి ఆదా. కాగితపు పోగులు మాత్రం ప్రతి విడతలో కురచవుతాయి. ప్లాస్టిక్‌నూ రేకునూ పొరలుగా అతికించిన ప్యాకెట్లు, జిడ్డు పట్టిన అట్టలు, వాడేసిన డైపర్లు ఎంత శ్రద్ధగా ఏరినా చాలావరకు చివరికి పక్కనున్న గుట్ట మీదికే చేరతాయి.

“నీళ్లు పాడుకావు.” అసలు గొడవంతా ఇక్కడే. కేంద్రం చూసుకునేది ఇకపై వచ్చే చెత్తను. ఇన్నేళ్లుగా పూడ్చింది ఎక్కడికీ పోదు. వాన నీరు ఆ పొరల్లోంచి దిగి, ముదురు గోధుమ రంగులో అడుగున ఊరుతుంది. దీన్నే లీచెట్ అంటారు. కొత్త చెత్త ఊటలో ఆమ్లాలు, కుళ్లే పదార్థాలు ఎక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ అవి తగ్గినా అమ్మోనియా దశాబ్దాల తరబడి వదలదు. అడుగున ఏ పొరా వేయని పాత గుట్టల్లోంచి ఇది భూగర్భజలాల్లోకి దిగుతుంది. ఆధునిక గుట్టల కింద పరిచే ప్లాస్టిక్ పొర సాధారణంగా 1.5 మిల్లీమీటర్ల మందం. పరిచేటప్పుడు రాయి గుచ్చుకున్నా, అతుకు సరిగా పడకపోయినా అదీ కారుతుంది.

పైగా కేంద్రం తన వంతు మురుగునూ కలుపుతుంది. ప్లాస్టిక్‌ను ముక్కలు చేసి కడిగిన నీటిలో జిగురు, మురికి, కంటికి ఆనని ప్లాస్టిక్ రేణువులు ఉంటాయి. వడపోత పెడితే చాలావరకు ఆగుతాయి, అతి సన్ననివి జారిపోతాయి. ఆగినవి బురదగా పోగుపడతాయి. ఆ బురదను ఎక్కడ పోస్తారో సందేశం చెప్పదు!

“వాసన ఉండదు.” ఇది సగం నిజం. తడి చెత్తను గుట్టలోకి పోనివ్వకపోతే రేపటి మీథేన్ తగ్గుతుంది. వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కించే వాయువది, కాబట్టి చిన్న లాభమేమీ కాదు. అయితే పాత చెత్త గాలి ఆడని చోట కుళ్లుతూనే ఉంటుంది. మీథేన్‌కు వాసన లేదు, ముక్కు మూయించేవి కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి వాయువులు. కట్టడాల శిథిలాలను జల్లించగా మిగిలే పొడిలో తరచూ జిప్సం (గంధకం ఉన్న ఖనిజం) ఉంటుంది. మట్టికి బదులు దాన్ని గుట్టపై కప్పితే, తడిసినప్పుడు కుళ్లిన గుడ్ల కంపు ఇంకా పెరుగుతుంది. రీసైక్లింగ్ పేరుతో తెచ్చుకున్న కంపు అది. వాసన లేని మీథేన్‌తో మరో ప్రమాదం: నేల పొరల గుండా పాకి షెడ్డులో చేరి, గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వకే పేలుతుంది.

నిప్పు ఊసే సందేశంలో లేదు. చెత్తలో కలిసొచ్చిన లిథియం బ్యాటరీ ఒకటి యంత్రంలో నలిగితే చాలు, పక్కనున్న ప్లాస్టిక్ బేళ్లు అంటుకోవచ్చు. ఆర్పడానికి కొట్టిన నీరు విషాలను మోసుకుపోతుంది కాబట్టి దాన్ని పట్టి నిలిపే గుంట ముందే ఉండాలి.

“ఊరికి దూరం.” భూగర్భజలం ప్రహరీ గోడ దగ్గర ఆగదు. పైగా సొంత బావుల మీద ఆధారపడేవాళ్లు పల్లెల్లోనే ఎక్కువ.

“ప్రశ్నించేవాళ్లు అడ్డు.” అడగాల్సిన ప్రశ్న చాలా మామూలుది. కేంద్రం కట్టకముందే, భూగర్భజలం పారే దిశలో గుట్టకు ఎగువన, దిగువన పరిశీలన బావులు వేసి అమ్మోనియా, క్లోరైడ్ కొలిచారా? ఆ పాత లెక్క చేతిలో లేకపోతే, రేపు బావి నీరు చెడినప్పుడు తప్పు గుట్టదా, కొత్త యంత్రాలదా అన్నది తేల్చడం కష్టం. గుట్టను నడిపేవారు, కేంద్రాన్ని నడిపేవారు వేర్వేరైతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు.